నాలుకకు గంట సెలవు

మా పిన్ని వంటింటి గోడకు వరసగా ఐదు మేకులుంటాయి. ఒక్కో మేకుకు ఒక్కో రంగు దారపు ఉండ వేలాడుతుంటుంది. ఎరుపు ఉప్పు తినకూడనివాళ్లది. నీలం చక్కెర జబ్బు ఉన్నవాళ్లది. పసుపు మూత్రపిండాల జబ్బువాళ్లది, వాళ్ల కూరముక్కలు ఒకసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించాలి. ఆకుపచ్చ గోధుమ పడనివాళ్లది. తెలుపు థైరాయిడ్ వాళ్లది. పొద్దున ఏడున్నర అయ్యేసరికి ఇరవై రెండు క్యారేజీలు, పిడికి తలో రంగు ముడితో, వరండాలో బల్ల మీద బారుగా నిలబడతాయి. మందుల గిడ్డంగిలో వ్యాను నడిపే బాబాయి, పనికి వెళ్లే దారిలో వాటిని ఇంటింటికీ దింపి, సాయంత్రం ఖాళీవి తెస్తాడు.

వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. క్యారేజీలమ్మ అంటారు. ఆ పిలుపు ఆమెకు ఇష్టమే. "పేరు అందరికీ ఉంటుంది. ఇది నాకొక్కదానికే ఉంది" అంటుంది.

క్యారేజీలు పంపాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మామగారికి గుండె జబ్బు చేసి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక, ఉప్పు లేని తిండి తినే కంటే పస్తుండడం మేలని ఆయన కంచం నెట్టేశారు. పిన్ని బతిమాలలేదు, కోప్పడలేదు. మర్నాడు పప్పులో వెల్లుల్లి ఎర్రగా వేయించి వేసింది. ఆ మర్నాడు కూరలో నిమ్మరసం పిండింది. మూడోనాడు జీలకర్ర మాడీ మాడకుండా వేయించి, రోట్లో నూరి చల్లింది. నాలుగోనాడు ఆయన కంచం నెట్టలేదు. ఆ వాసన పట్టుకుని పక్కింటావిడ వచ్చి, తన భర్తకూ అలాంటి పప్పు కాస్త పెట్టమంది. మామగారు ఆ తరువాత ఆరేళ్లు బతికారు. ఆయన పోయేనాటికి వంటింట్లో పద్నాలుగు క్యారేజీలున్నాయి.

పిన్నికి ఒక నియమం ఉంది. తన నాలుక మీదుగా వెళ్లకుండా ఏ గిన్నె కూడా గడప దాటకూడదు. అది గర్వం వల్ల వచ్చిన నియమం కాదు, భయం వల్ల వచ్చింది.

మూడు వీధుల అవతల మేడ మీద ఒక లెక్కల మాస్టారుంటారు. పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. గుండె బలహీనం, కాళ్లకు నీరు పడుతుంది. ఎర్ర దారం మనిషి. ఖాళీ క్యారేజీలో రోజూ ఒక చీటీ పెట్టి పంపడం ఆయన అలవాటు. చీటీలో ఎప్పుడూ తిట్లే. "పప్పు చప్పన. కూర చప్పన. నా బతుకే చప్పన." పిన్ని వాటిని చదివి నవ్వుకుని పొయ్యి కింద డబ్బాలో పడేసేది. నాలుగేళ్ల కిందట ఒకరోజు చీటీలో ఇలా ఉంది: "నేడు భోజనం అమోఘం. ఇన్నాళ్లకు అన్నం తిన్నట్టుంది."

పిన్ని ఆ చీటీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉప్పు వేసిన పప్పు ఎర్ర దారం గిన్నెలోకి వెళ్లిపోయిందని ఆ మెచ్చుకోలే చెప్పింది. ఆ సాయంత్రానికే మాస్టారి పాదాలు ఉబ్బాయి. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆయన కూతురు, ఏదో ఆఫీసులో గుమాస్తా, పిన్నిని ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా చూసిన ఆ చూపు పిన్నికి ఈనాటికీ గుర్తే. అప్పటినుంచి ప్రతి గిన్నె నుంచీ ఒక చెంచా. మూత పెట్టేముందు ఇంకో చెంచా. అనుమానం వస్తే మూడోది.

రెండేళ్ల కిందట పిన్నికే తెల్ల దారం పడింది.

మొదట గొంతు బొంగురుపోయింది. తరువాత మొహం ఉబ్బింది. అందరూ చెమటలు కక్కుతున్న రోజుల్లో కూడా ఆమె స్వెటర్ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడేది. దువ్వెన నిండా జుట్టు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి మందగించిందని చెప్పి, పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసింది. కంగారు పడాల్సిన జబ్బు కాదంది. పిన్ని కంగారు పడలేదు. ఎన్ని జబ్బులకు వండలేదు, ఒకటి తనకూ వచ్చింది, అంతే. క్యాబేజీ తింటే థైరాయిడ్ పెరుగుతుందని ఎవరో చెబితే, ఆ రోజునుంచి క్యాబేజీని, దాని చుట్టమని కాలీఫ్లవర్‌ను కూడా గుమ్మం తొక్కనివ్వలేదు.

అయినా రోగం తగ్గలేదు. మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తే, దిగాల్సిన టీఎస్‌హెచ్ అంకె దిగకపోగా ఎక్కుతోంది. తొమ్మిది, పన్నెండు, ఆఖరికి పద్నాలుగు పైచిలుకు. అంకె ఎక్కినప్పుడల్లా డాక్టరమ్మ మాత్ర పెంచింది. యాభై డెబ్బై ఐదయింది, డెబ్బై ఐదు వందయింది. పిన్ని మాత్రం స్టూలు మీద కూర్చుని గరిటె తిప్పే స్థితికి వచ్చింది. ఒక పొద్దున గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోయింది. పప్పు మాడిన వాసనకు బాబాయి పరుగెత్తుకొచ్చి చూస్తే, ఆమె చీర కొంగుకూ మంటకూ మధ్య జానెడు దూరం ఉంది.

అదే వారం ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. మూడో మనిషి బాబాయి అక్క. ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి, రిటైరై, తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు, వంట నేర్చుకోలేదు. ఈ రెండింటిలో ఏది దేనికి కారణమో తనకే తెలియదంటుంది. మేం ఆమెను ల్యాబ్ అత్తయ్య అంటాం.

డాక్టరమ్మ కాగితాలు ముందూ వెనకా తిప్పి చూసింది.

"ఇంత మోతాదు వేసుకుంటూ ఇలా ఉండకూడదమ్మా. మాత్ర వేసుకున్నాక ఏమైనా తింటున్నారా?"

"ఐదింటికి వేసుకుంటా. ఎనిమిదింటికి కాఫీ తాగేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అంది పిన్ని.

అబద్ధం చెప్పేటప్పుడు ఆమె కుడి చెవి సవరించుకుంటుంది. ఆ రోజు చెయ్యి ఒళ్లోనే ఉంది.

"అయితే ఒంటికి విశ్రాంతి లేదు. పని తగ్గించుకోండి. రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దాం."

ఇంటికి వచ్చాక బాబాయి చెప్పులు కూడా విప్పలేదు.

"తగ్గించుకోవడం కాదు, మానెయ్. రేపే అందరికీ చెప్పేస్తా."

"ఇరవై ఇద్దరూ ఏం తింటారండీ?"

"నువ్వు పుట్టకముందు ఏం తిన్నారో అదే తింటారు. చీర అంటుకునుంటే ఏమయ్యేది?"

 ఆయన గొంతులో ఉన్నది కోపం కాదని పిన్నికి తెలుసు.

"డాక్టరమ్మ రెండు నెలలు టైమిచ్చింది. మీరూ ఇవ్వండి. అప్పటికీ అంకె దిగకపోతే ఆ దారాలు మీ చేత్తోనే పీకి పారెయ్యండి. నోరెత్తను."

"దిగకపోతే, అంటే... దిగుతుందనా?"

"దిగుతుంది."

"ఎలా దిగుతుందే?"

"అది ఇంకా తెలీదు. కానీ దిగుతుంది."

బాబాయి అక్క వైపు తిరిగాడు. "చూశావా అక్కా, వరస?"

"చూశా" అంది ల్యాబ్ అత్తయ్య. "నాకు అంకె మీద అనుమానం లేదురా. అంకెలు అబద్ధమాడవు. మనిషీ ఆడట్లేదు. అయితే మధ్యలో ఏదో ఉంది."

మర్నాడు పొద్దున ఐదింటికి పిన్ని మాత్ర వేసుకుని వంటింట్లోకి వెళ్లేసరికి, మూల స్టూలు మీద ల్యాబ్ అత్తయ్య కూర్చుని ఉంది. ఒళ్లో గీతలున్న కొలజాడీ, చేతిలో పిన్ని చెంచా లాంటిదే ఇంకో చెంచా.

"ఇంత పొద్దున్నే లేచారేంటి వదినా?"

"నిద్ర పట్టలేదు. నీ పని నువ్వు చేసుకో మరదలా, నా పని నేను చేసుకుంటా."

ఐదుంబావుకు పిన్ని పాలు కాచి, విరిగాయో లేదోనని ఒక చెంచా నోట్లో వేసుకుంది. అత్తయ్య లేచి, అదే గిన్నెలోంచి ఒక చెంచా జాడీలో పోసి, వెళ్లి కూర్చుంది. ఆకుపచ్చ దారాల్లో మామూలు పాలు కూడా పడనివాళ్ల కోసం సోయా పాలు. ఒక చెంచా నోట్లోకి, ఒక చెంచా జాడీలోకి. ఎర్ర దారం పప్పు, నీలం దారం పప్పు, బీన్స్ కూర, రెండోసారి ఉడికించిన క్యారెట్. అనుమానం వచ్చిన సొరకాయ కూరకు మూడు చెంచాలు, జాడీలోకీ మూడే.

"ఏంటిది, నా వెనకాల తద్దినంలా?"

"తిరిగి చూడకు. కొలత తప్పుతుంది."

ఏడున్నరకు క్యారేజీలు వ్యాను ఎక్కాక అత్తయ్య జాడీని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుని గీత చూసింది.

"మూడు వందల నలభై మిల్లీలీటర్లు. అందులో మొదటి గంటలోనే నూట అరవై. ఇటు రా మరదలా. ఇది ఎవరి ఫలహారం?"

పిన్ని జాడీ వైపు చూసింది. పాలూ పప్పూ కూరా కలిసి, అడుగున క్యారెట్ పేరుకుని ఉంది.

"నేను రుచి చూశాను వదినా. తినలేదు."

"మరి రుచి చూశాక ఏం చేశావ్? ఉమ్మేశావా?"

 పిన్ని నవ్వు పట్టలేక గట్టు పట్టుకుని నిలబడింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. రెండేళ్లు! పరగడుపు అనుకుని, రోజూ గ్లాసున్నర ఫలహారం చేసింది.

ఆ వారంలోనే డాక్టరమ్మకు చెబితే ఆమె నుదుట చెయ్యి పెట్టుకుంది.

"రుచి చూడ్డం తినడం కాదని మీకు తెలుసు, నాకు తెలుసు. మీ పొట్టకు ఆ తేడా తెలీదమ్మా. అందులోనూ పాలు, సోయా. మాత్ర ఒంటికి పట్టే సమయంలోనే వాటిని పంపిస్తున్నారు. ఇంకేమైనా వేసుకుంటారా పొద్దున?"

"ఎముకలకు కాల్షియం మాత్ర. ఎనిమిదింటి కాఫీతో."

"దానికీ దీనికీ కనీసం నాలుగ్గంటల ఎడం ఉండాలి. దాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చండి. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక గంటసేపు మంచినీళ్లు తప్ప ఏదీ నాలుక దాటకూడదు. పోనీ రాత్రి పడుకునేముందు వేసుకుంటారా? భోజనానికి మూడు గంటలు ఎడం ఉంటే చాలు."

"భోంచేసి, క్యారేజీలు తోమి, తొమ్మిదిన్నరకల్లా మంచమెక్కేస్తాను డాక్టరమ్మా. ఆ మూడు గంటలు నా దగ్గర లేవు. పొద్దునే చూసుకుంటా." లేవబోయి మళ్లీ కూర్చుంది. "క్యాబేజీ మానేశాను. అదైనా సరిగ్గా చేశానా?"

"ఎందుకు మానేశారు? ఉడికించి మామూలుగా తింటే ఏం కాదే."

దారంతా బాబాయి ఆ మాటే పట్టుకున్నాడు. "రెండేళ్లుగా నాకు క్యాబేజీ పెట్టలేదు. పాపం క్యాబేజీ, చెయ్యని నేరానికి జైలు!"

కిటుకు తెలిసిపోయింది కదా, ఇక గంటసేపు నోరు కట్టుకుంటే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. పిన్నికి అసలు చిక్కు అక్కడే మొదలైంది. నాలుక ఆపితే తన ఒళ్లు బాగుపడుతుంది, మాస్టారి పాదాలు ఉబ్బుతాయి. మాత్ర ఇంకా ముందు వేసుకుందామంటే నిద్ర తగ్గుతుంది. విశ్రాంతి తీసుకోమన్న డాక్టరమ్మ అందుకు ఒప్పుకోదు. వేరే నాలుక కావాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న నాలుక ఒక్కటే.

పిన్ని మూడు గిన్నెల్లో పప్పు పోసి అత్తయ్య ముందు పెట్టింది. ఒకటి ఉప్పు లేనిది, ఒకటి సరిపడా ఉన్నది, ఒకటి ఎక్కువైనది.

అత్తయ్య మూడూ రుచి చూసి, ల్యాబు రిపోర్టు ఇచ్చినట్టు చెప్పింది. "మూడూ వేడిగా ఉన్నాయి."

"ఉప్పు సంగతి చెప్పండి వదినా!"

"ఉప్పుందా? ఎందులో?" అత్తయ్య చెంచా కింద పెట్టింది. "చూడు మరదలా, ముప్పై ఏళ్లు ల్యాబు క్యాంటీన్‌లో తిన్నదాన్ని. ఈ నాలుక మాట్లాడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నాకు కొలవడం వచ్చు. కొలిచే పని ఏదైనా ఉంటే చెప్పు."

పిన్ని రెండు రోజులు ఆ మాటనే నెమరేసుకుంది. కూరలు తరుగుతూ ఆగిపోయేది. మూతలన్నీ బల్ల మీద పరిచి, ఎటో చూస్తూ కూర్చునేది. క్యారేజీల మీద పేర్ల కాగితాలు రాసి అంటించడం నా పని. మూడోనాడు నేను వెళ్లేసరికి వంటింట్లో ఉప్పు జాడీ లేదు. ముందు గదిలో బీరువాలో ఉంది. బీరువా తాళం అత్తయ్య మెడలో గొలుసుకు వేలాడుతోంది.

"ఆరు కొట్టేదాకా ఉప్పు వంటింట్లోకి రాదు" అని పిన్ని అందరికీ వినపడేలా చెప్పింది. "అన్నీ చప్పగానే ఉడుకుతాయి. ఆరింటికి ముందు ఎర్ర దారాలు నింపి, మూతలు బిగించి, ముడేసి, వరండాలో పెట్టేస్తాం. అప్పుడు తాళం తియ్యండి వదినా. తక్కినవాళ్ల ఉప్పు ఎంత పడాలో మీరు తూచి, పొట్లాలు కట్టి ఉంచండి. ఇన్నేళ్లూ ఉప్పు వేసేసి, ఎందులో పడిందా అని నాలుకతో వెతుక్కున్నాను. ఉప్పు రాకముందే వాళ్ల క్యారేజీ బయటికి పోతే వెతకాల్సిన పనేముంది?"

బాబాయి గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఆరింటి తర్వాత నీ నాలుక నీ ఇష్టం?"

"ఆరింటికి దాని సెలవు అయిపోతుంది."

ఉప్పు బీరువాలోకి వెళ్లినంత తేలిగ్గా చెయ్యి మాట వినలేదు. ఇన్నేళ్ల అలవాటు. గరిటె తిప్పడం, ఎడమ అరచేతిలో చుక్క వేసుకోవడం, నాలుకకు తాకించడం, మూడూ కలిసి ఒకే పని అయిపోయాయి. మొదటి పొద్దున ఆమెకు తెలియకుండానే చెంచా నోటిదాకా వచ్చేసింది. అత్తయ్య "మరదలా!" అని అరిచిన అరుపుకు పక్కింట్లో లైటు వెలిగింది.

మర్నాడు అత్తయ్య తన పాత ల్యాబు సంచిలోంచి తెల్లటి గుడ్డ మాస్కు తీసి పిన్ని మొహానికి కట్టింది. చెంచా వచ్చి మాస్కుకు తగిలి ఆగిపోయేది. ఆరింటికి విప్పి చూస్తే గుడ్డ మీద తొమ్మిది మచ్చలు. పప్పువి నాలుగు, క్యారెట్‌వి రెండు, మిగతావి ఏమిటో తేలలేదు.

"తొమ్మిది" అంది అత్తయ్య గర్వంగా, మార్కులు చదివినట్టు. "పరీక్ష మొదటిరోజు కదా, ఫరవాలేదు."

రెండోరోజు ఏడు. మూడోరోజు మళ్లీ ఎనిమిది. ఆ రోజు ఒక గిన్నె మాడబోయింది, కంగారు. వారం తిరిగేసరికి మూడుకు దిగింది. మచ్చలు తగ్గేకొద్దీ పిన్నిలో ఇంకేదో పెరిగింది. వెల్లుల్లి పచ్చి వాసన పోయి తీపి వాసనకు తిరిగే క్షణం ముక్కుకు తెలిసింది. ఉడికిన పప్పు చప్పుడు వేరు, ఉడుకుతున్న పప్పు చప్పుడు వేరు అని చెవికి తెలిసింది. "ఇవన్నీ నాకు ముందే వచ్చు. నాలుక ఒక్కతే పెత్తనం చేసి మిగతావాటిని మాట్లాడనివ్వలేదు" అంది ఒకరోజు, మాస్కు వెనకనుంచి.

అంతా సాఫీగా సాగలేదు. ఉప్పు ఆఖర్న పడడంతో ముక్కకు పట్టలేదని నీలం దారాల్లో ముగ్గురు చెప్పి పంపారు. బీన్స్ పైన ఉప్పగా, లోపల చప్పగా ఉన్నాయట. పిన్ని ముక్కలు సగానికి సగం చిన్నవి చేసింది. ఉప్పు వేశాక మూతపెట్టి పది నిమిషాలు కదపకుండా వదిలేసింది. చెప్పి పంపడాలు ఆగాయి. మూడో వారానికి ఆమె స్వెటర్ విప్పింది. అది మాత్ర వల్లో, ఎండ వల్లో తెలియదని బాబాయి అన్నాడు గానీ, ఆ స్వెటర్‌ను తనే మడతపెట్టి లోపల పెట్టాడు.

ఐదో వారంలో ఒక సాయంత్రం బాబాయి ఖాళీ క్యారేజీలు దించి, మాస్టారి గిన్నెలోంచి చీటీ తీసి చదివాడు. చదివి, పిన్ని చేతికిచ్చాడు.

"నేడు భోజనం అమోఘం."

పిన్ని మొహంలో నెత్తుటి చుక్క లేదు. అత్తయ్య చెయ్యి తనంతట తనే మెడలోని తాళం మీదికి వెళ్లింది.

"తాళం ఆరింటికే తీశాను. ఎర్రవన్నీ అప్పటికే వరండాలో ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. నాలుగు."

"లెక్కపెట్టావు సరే అక్కా, లోపల ఏముందో చూశావా?" బాబాయి కుర్చీలో కూలబడి పిన్ని వైపు తిరిగాడు. "నేను చెబుతూనే ఉన్నాను. రుచి చూడకుండా పంపిస్తే ఇలాగే అవుతుంది, చూస్తూ పంపిస్తే నువ్వు పోతావు. ఈ పని ఎటు తిప్పినా కుదరదు. రెండు నెలలు కూడా అక్కర్లేదు, ఇవాళే ఆపేద్దాం."

పిన్ని చీటీని మళ్లీ చదివింది.  తరువాత చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"నా వంటలో ఉప్పు లేదు" అంది. "వెళ్లి చూసొచ్చాక మాట్లాడండి."

మూడు వీధులూ ఆమె వెనకాల పరుగులాంటి నడకతో అత్తయ్య, ఆ వెనక నేను. నెల కిందట ఈ మెట్లు ఎక్కడానికి ఆమె రెండుచోట్ల ఆగి ఉండేది. ఆ రోజు ఎక్కడా ఆగలేదని, పైకి వెళ్లాకే నాకు తట్టింది.

మాస్టారు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఏదో పాత లెక్కల పుస్తకం తిరగేస్తున్నారు. పక్కన పిల్లలు బడికి తీసుకెళ్లే రేకు జామెట్రీ బాక్సు. మమ్మల్ని చూసి పుస్తకం మూశారు.

"ఏంటమ్మా, ఊరేగింపుగా వచ్చారు?"

 పిన్ని వంగి ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. ఊపిరి పీల్చుకుంది.

"మధ్యాహ్నం పప్పు ఏమైనా మిగిలిందా మాస్టారూ?"

"మిగలడమా? గిన్నె నాకేశాను. చీటీ చూళ్లేదూ?"

"చూశాను. అందుకే వచ్చాను. ఏం బాగుందో చెప్పండి."

"అన్నీ బాగున్నాయి." ఆయన కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. "పప్పు... బాగుంది. కూర... అదీ బాగుంది."

పిల్లల్ని గద్దించిన మనిషి నీళ్లు నములుతుంటే పిన్ని బల్ల వైపు చూసింది. బల్ల మీది నల్ల రెక్సిన్ గుడ్డ మీద, జామెట్రీ బాక్సు పక్కన, నాలుగైదు తెల్లటి పలుకులు మెరిశాయి. ఆమె చూపుడువేలి కొస తడి చేసుకుని, ఒక పలుకు అద్దుకుని, నాలుక మీద పెట్టుకుంది.

గంట సెలవుకే నాలుక పని మరిచిపోలేదు. ఉప్పే.

"బాక్సు తెరవండి మాస్టారూ."

"అందులో కంపాసు ఉందమ్మా. ముల్లు గుచ్చుకుంటుంది."

"తెరవండి."

మాస్టారు తెరిచారు. కంపాసు ఉన్న మాట నిజమే. కోణమానిని కింద, మడతపెట్టిన కాగితం పొట్లంలో రెండు చెంచాల ఉప్పు కూడా ఉంది. పింఛను ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి క్యాంటీన్ బల్ల మీద నుంచి తెచ్చుకున్నారట.

"ఎన్ని రోజుల్నుంచి?" అంది అత్తయ్య.

"ఇవాళొక్కరోజే. దేవుడి మీద ఒట్టు." కళ్లద్దాలు మళ్లీ తుడుచుకుని, "నిన్న కొంచెం" అన్నారు.

పిన్నికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకేదో వచ్చి మొహమంతా పరుచుకుంది. తన గిన్నెలో ఉప్పు లేదు. తను ముక్కుతో, చెవితో వండిన పప్పు సరిగ్గానే వచ్చింది.

"మాస్టారూ, ఈ ఉప్పుతో మీకేమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు."

"తెలుసమ్మా." ఆయన పొట్లం వైపే చూస్తున్నారు. "నువ్వు పొద్దున గంటసేపు మూతికి గుడ్డ కట్టుకుని వండుతున్నావటగా. మీ ఆయన చెప్పాడు. నీకు గంట. నాకు మూడు పూటలా, మిగిలిన బతుకంతా. ఎవరిది ఎక్కువో నువ్వే లెక్క కట్టు."

"మీదే ఎక్కువ. ఒప్పుకుంటాను" అంది పిన్ని వెంటనే. ఆయన ఆ మాట ఊహించలేదు. "అందుకే రేపటినుంచి మీకు నిమ్మచెక్క ఇంకొకటి. వెల్లుల్లి ఇంకో రెండు రెబ్బలు. తిట్టండి, చీటీలో ఎంతైనా తిట్టండి. మెచ్చుకోకండి. మీరు మెచ్చుకుంటే నా గుండె ఆగిపోతుంది."

మాస్టారు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టారు. "కంపాసు ఉంచుకోనా?"

"ఉంచుకోండి."

ఇంటికి వచ్చాక పిన్ని ఆ పొట్లాన్ని బాబాయి ముందు పెట్టి, జరిగింది చెప్పింది. బాబాయి దాన్ని విప్పి చూసి, మళ్లీ మడతపెట్టాడు.  మర్నాడు ఆరింటికి ఐదు నిమిషాల ముందు, ఎవరూ పిలవకుండానే వంటింట్లోకి వచ్చి, మేకుకున్న ఎర్ర దారం ఉండ తీసి, నాలుగు క్యారేజీలకూ తనే ముడేశాడు. ముడి వదులుగా ఉందని పిన్ని అంటే మళ్లీ వేశాడు.

ఎనిమిదో వారం రక్తం ఇచ్చివచ్చారు. సాయంత్రం రిపోర్టు తీసుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. కవరు అత్తయ్య చేతిలో ఉంది. దారిలో తెరవనని మాటిచ్చింది, తెరవలేదు. కానీ లైటుకు ఎత్తి పట్టుకుని చూసిందని బాబాయి చెబుతాడు.

"నాలుగు పాయింటు ఒకటి" అని చదివింది డాక్టరమ్మ. "పద్నాలుగు నుంచి నాలుగు. మంచిది. ఈ మోతాదే ఉంచుదాం. ఇంకో రెండు నెలలకు చూసి, దిగితే తగ్గిద్దాం కూడా. ఏం చేశారమ్మా?"

"గంటసేపు నోరు మూసుకున్నాను" అంది పిన్ని.

"ఈవిడ నోరు మూసుకోవడం నేను కళ్లారా చూశాను డాక్టరమ్మా, పెళ్లయిన ఇన్నేళ్లకు" అన్నాడు బాబాయి.

తిరిగి వచ్చేటప్పుడు అతనే కూరల కొట్టు దగ్గర ఆగి, రెండు చేతులా పట్టేంత క్యాబేజీ తీసుకున్నాడు. ఇంటికి రాగానే పిన్ని దాన్ని గట్టు మీద పెట్టి, రేపు ఎవరెవరికి వెళ్లాలో లెక్క చెబుతోంది. తెల్లవాటికి ఉడికించి, పసుపువాటికి నీళ్లు మార్చి. ఈలోగా అత్తయ్య ఖాళీ క్యారేజీలు విప్పుతూ మాస్టారి చీటీ తీసి పైకి చదివింది.

"పప్పు చప్పన. కూర చప్పన. నిమ్మకాయ పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి. ఇంత అన్యాయం ఎక్కడా చూడలేదు."

"ఇంకోసారి చదవండి వదినా" అంది పిన్ని, క్యాబేజీ పై ఆకులు ఒలుస్తూ.